ఎనిమిదీ పది చీటీ

ఉద్యోగంలో చివరి నాలుగేళ్ళలో నేను ఎంతమంది అమ్మమ్మల్ని చంపానో నాకే తెలియదు. కంగారు పడకండి, అందరూ కాగితం మీద అమ్మమ్మలే. నేను ఒక పేరున్న గాయని దగ్గర స్టేజీ మేనేజరుగా పనిచేశాను. ఏ ఊళ్ళో కచేరీ జరిగినా, సాయంత్రం ఆరూ నలభై అయిదుకి మొదలుపెట్టి ఎనిమిదీ పది అయ్యేసరికి ప్రేక్షకుల్లోంచి వచ్చిందంటూ ఒక చీటీ చదివించేవాళ్ళం. "మా అమ్మమ్మ మీ పాట వింటూనే కన్నుమూసిందండి, ఆ పాట ఒక్కసారి పాడరూ" అని ఉండేది అందులో. ఆ చీటీ రాసేది నేనే. ఊరి పేరు ఒక్కటి మార్చేవాణ్ణి, అమ్మమ్మ మాత్రం ప్రతి ఊళ్ళోనూ పోయేది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు రాజమండ్రిలో మా ఇంటికి వస్తుంటారు. ఏ మైకు మంచిది, లైట్లు ఎక్కడ కట్టాలి, పాటల వరస ఎలా వెయ్యాలి అని అడుగుతారు. మైకుల గురించి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. పాటల వరస గురించి మాత్రం నేను చెప్పగలిగింది ఒక్కటే ఉంది. అది నా గొప్ప కాదు, నా తప్పు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఆ గాయనిని నేను అక్కగారు అని పిలిచేవాణ్ణి. కోనసీమలో పుట్టి, రేడియోలో మొదలుపెట్టి, సినిమాల్లోకి వెళ్ళి పాతికేళ్ళు ఆగకుండా పాడిన మనిషి. నేను మైకుసెట్టు వాడిగా ఒక పందిట్లో ఆవిడకి కనిపించాను. ఆ సాయంత్రం మైకు ఒక్కసారి కూడా కుయ్యిమనలేదని ఆవిడకి ముచ్చటేసి, "తమ్ముడూ, నాతో వస్తావా?" అన్నారు. అలా వెళ్ళినవాణ్ణి ఇరవై ఎనిమిదేళ్ళు ఉండిపోయాను.

నేను రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు, దూరాన ఒక నగరంలో జరిగిన కచేరీలో అక్కగారి గొంతు పై స్థాయిలో చీలింది. ఒక్క క్షణమే. ఆవిడ దగ్గి, నవ్వి, పాట పూర్తిచేశారు. కానీ ఎవరో ఆ ఒక్క క్షణాన్ని ఫోన్లో పట్టి, దాని పక్కన నవ్వే బొమ్మలు అంటించి వదిలారు. అది తిరగని ఫోను లేదు. ఆవిడ నాలుగు నెలలు గుమ్మం దాటలేదు. పెళ్ళికి పిలిస్తే వెళ్ళలేదు, ఇంట్లో దీపం పెడుతూ కూనిరాగం తీయడం కూడా మానేశారు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు నేను ఒక వరస తయారు చేశాను. గొంతుకి ప్రమాదం లేని పాటలు ఏరి ఒకదాని పక్కన ఒకటి పేర్చాను. సంగీతం, కోరస్ ముందే రికార్డు చేసి లాప్‌టాప్‌లో పెట్టాం. వాయించేవాళ్ళ చెవుల్లో టక్కు టక్కుమని తాళం వినబడుతుంటే, దానికి తగ్గట్టు వాళ్ళు చేతులు ఆడించాలి. వెనక పెద్ద తెర మీద తామరపువ్వు విచ్చుకుంటుంది, అందులోంచి అక్కగారు నడిచి వస్తారు. వరసలో ఒక్క పాట అటూ ఇటూ అయితే బొమ్మ ఒకటి, పాట ఒకటి అవుతుంది కాబట్టి ఏదీ మార్చకూడదు. మధ్యలో ఆవిడ అప్పటికప్పుడు అన్నట్టు అనే మాటలు కూడా నేనే రాశాను. "నిజానికి నేను ఈ ఊరి కోడల్ని కావలసిందండీ, జాతకాలు కుదర్లేదు." ఈ జోకులో ఊరి పేరు కూడా మార్చనక్కర్లేదు, ఎక్కడైనా చెల్లుతుంది.

మా తబలా ఆయన ఒకరోజు, "మేనేజరుగారూ, నేను మధ్యలో లేచెళ్ళి టీ తాగొచ్చినా తబలా మోగుతానే ఉంటదండి" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

ఇక చీటీల పెట్టె. అది పాతకాలం నుంచి మా కచేరీలకి ఉన్న ఆచారం. స్టేజీ పక్కన రంగు కాగితం అంటించిన చెక్కపెట్టె ఉండేది. జనం తమకి కావలసిన పాట రాసి అందులో వేసేవాళ్ళు, అక్కగారు కొన్ని తీసి పాడేవారు. కొత్త వరస వచ్చాక పెట్టె ఉంది గాని తెరవడం లేదు. దాని వెనక చిన్న తలుపు చేయించి లోపల ఒక క్లిప్పు కొట్టించాను. యాంకరమ్మ చెయ్యి పెట్టి కలియబెట్టినట్టు నటించి, ఆ క్లిప్పుకి ఉన్న నా చీటీ తీసి చదివేది. అక్కగారికి ఆ ఒక్కటీ నాటకమని తెలుసు. మిగతావన్నీ నేను చదువుతున్నానని మాత్రం నమ్మేవారు. ప్రతి టూరులోనూ మొదటి కచేరీ అయ్యాక కారెక్కుతూ ఒకే ప్రశ్న అడిగేవారు.

"రేవు పాట ఎవరైనా అడిగారా తమ్ముడూ?"

"లేదండీ అక్కగారూ. ఇప్పటి వాళ్ళకి అది తెలీదు."

రేవు పాట ఆవిడ పద్దెనిమిదో ఏట రేడియోలో పాడింది. సినిమా పాట కాదు. సాయంకాలం రేవులో పడవ కోసం నిలబడ్డ మనిషి పాట. రెండో చరణంలో ఒక చోట గొంతు పైకి, ఇంకా పైకి వెళుతుంది. సరిగ్గా ఆ ఎత్తుకే నాకు భయం. అందుకే పెట్టె తెరవకుండానే లేదు అనేవాణ్ణి. ఆవిడ "ఊఁ" అని కిటికీలోంచి బయటికి చూసేవారు.

మూడేళ్ళు ఆ వరస ఎక్కడా బెసకలేదు. మేం వెళ్ళిన ఊళ్ళు ఒకదానికొకటి దూరం, ఒకసారి చూసినవాడు మళ్ళీ కనిపించేవాడు కాదు. తర్వాత గోదావరి జిల్లాల్లో నాలుగు కచేరీలు ఒప్పుకున్నాం. రామచంద్రపురం, అమలాపురం, పెనుగొండ, చివరికి రాజమండ్రి. ఇక్కడ ఊరికీ ఊరికీ మధ్య రెండు కాలవలు, ఒక వంతెన. మా ఆడపడుచు కచేరీ అంటూ రామచంద్రపురంలో చూసినవాళ్ళే మోటార్‌సైకిళ్ళేసుకుని అమలాపురం వచ్చేస్తారు. ఇక్కడే పుట్టి పెరిగినవాడికి ఈ సంగతి తట్టకపోవడం చూడండి, అదీ నా తెలివి.

అమలాపురం కచేరీ అయిన మర్నాడు నా ఫోన్‌కి ఒక జాబితా వచ్చింది. రామచంద్రపురం నుంచి ఒక రిటైర్డు లెక్కల మాస్టారు, అక్కగారికి నలభై ఏళ్ళ అభిమాని, రెండు కచేరీలూ చూసి, గడియారం పెట్టుకుని రాసి అభిమానుల గ్రూపులో పెట్టారు. పైన పెద్ద అక్షరాలతో "పాడిందే పాటరా పాచిపళ్ళ దాసరి" అని ఉంది. కింద ఇలా ఉంది.

"6.45 తామరపువ్వు విచ్చుకొనుట. 7.05 కోడలి జోకు (చప్పట్లు కొట్టవలెను). ఇప్పటికి రెండూళ్ళ కోడలు, ఇంకా రెండు సంబంధాలు కలవు. 7.30 నీలం చీర. 8.10 చీటీ, అమ్మమ్మ మరణం. 8.16 తెల్ల చేతిరుమాలుతో కళ్ళు తుడుచుకొనుట. పెనుగొండ వారు గమనించగలరు."

చదివి నవ్వుకున్నాను. నవ్వయ్యాక మళ్ళీ మొదటి నుంచి చదివాను.

పెనుగొండ వారు బాగానే గమనించారు. అక్కగారు "నిజానికి నేను ఈ ఊరి" అనగానే సగం హాలు "కోడల్ని కావలసిందండీ" అని పూర్తిచేసింది. ఎనిమిదీ పదికి యాంకరమ్మ పెట్టెలో చెయ్యి పెట్టేసరికే ముందు వరసల్లో కొందరు జేబురుమాళ్ళు తీసి కళ్ళు ఒత్తుకోవడం మొదలెట్టారు. అక్కగారు చిరునవ్వు చెదరకుండా పాడారు. ఆ మనిషి క్రమశిక్షణ అలాంటిది. కారెక్కాక మాత్రం అడిగారు.

"జనానికి నా మీద కోపంగా ఉందా తమ్ముడూ?"

"అబ్బే, గోదావరి వెటకారం అక్కగారూ. మీకు తెలియందా?"

"తెలుసు కాబట్టే అడుగుతున్నా. ఈ వెటకారం ఊరికే రాదు. మనవాళ్ళు అనుకున్నవాళ్ళు మోసం చేస్తేనే వస్తుంది."

మర్నాడు పొద్దున్న పెనుగొండ లాడ్జిలో నేను సామాను సర్దిస్తున్నాను. నలభై అయిదేళ్ళావిడ ఒకామె మెట్లెక్కి వచ్చి, చేతిలో అట్టపెట్టె బల్ల మీద పెట్టింది.

"నమస్కారమండి. మాది ఆత్రేయపురమండి. పూతరేకులు చేస్తామండి. ఇవి అమ్మగారికి. పోట్లాటకి రాలేదండి, ఓ మాట అడిగి వెళ్ళిపోతానండి."

"అడగండమ్మా."

"ఆ చీటీ రాసే చెల్లికి ఊరూరా అమ్మమ్మ పోద్దాండి?"

ఆవిడ నవ్వకుండా, అరవకుండా చెప్పుకొచ్చింది. రామచంద్రపురం కచేరీలో ఆవిడ ఒక చీటీ వేసిందట. ఆ రోజు మధ్యాహ్నం నేను పూతరేకులు తిన్నాను. ఆ రుచి ఇంకా నోట్లో ఉండగానే చీటీ రాస్తూ "ఆత్రేయపురం నుంచి ఒక చెల్లి" అని పెట్టాను.

"ఆత్రేయపురం అనగానే నా గుండె ఝల్లుమందండి. చీటీ వేసింది నేనే కదండి మరి! తీరా చూస్తే వేరే పాట. పైగా మా అమ్మమ్మ బతికే ఉందండి, గుండ్రాయిలా ఉంది. పోనీ చదవడంలో తప్పొచ్చిందేమో అని అమలాపురం వచ్చి ఇంకోటి వేశానండి. అక్కడ ముమ్మిడివరం చెల్లి అన్నారు. రాత్రి ఇక్కడ ఆచంట చెల్లి అన్నారు. అప్పుడర్థమైందండి."

"మీరు ఏ పాట అడిగారు?"

"రేవు పాటండి."

నేను కుర్చీలో కూర్చున్నాను.

"మా కుండల దగ్గర పదకొండు మందిమండి. పొద్దున్నే ఫోన్లో ఆ పాట పెట్టుకుని మొదటి రేకు తీస్తాం. ఎన్నో ఏళ్ళ నుంచీ అంతేనండి. రామచంద్రపురంలో మా ఊరి పేరు చదివారన్న ధైర్యంతో, రాజమండ్రిలో అమ్మగారి చేత ఆ పాట పాడిస్తాను, అందరూ రండని మాటిచ్చేశానండి. ఎప్పుడూ పని మానని వాళ్ళు ఆ రోజు సాయంత్రం మానుకుని వస్తున్నారు. పాడకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను చెప్పండి? తెల్లారి లేస్తే వాళ్ళ పక్కనే కూచోవాలి కదండి."

నిజం చెప్పడానికి నోరు రాలేదు. అక్కగారి గొంతు సంగతి బయటివాళ్ళకి ఎలా చెప్పను? అందుకని వాదనకి దిగాను. "అమ్మా, రోజూ చేసే పని రోజూ ఒకలాగే ఉంటుంది. మీరూ రోజూ రేకులే తీస్తారు కదా. అవి ఒకలాగే ఉండవూ?"

ఆవిడ అప్పుడు మొదటిసారి నవ్వింది. "ఉండవండి. తీసిందే తీస్తామండి, ఆ మాట నిజమే. కానీ బోర్లించిన కుండ కింద మంట ఓసారి ఎగుస్తుంది, ఓసారి తగ్గుద్ది. పిండి జావ పొద్దున్న ఒకలా ఉంటది, ఎండెక్కాక ఇంకోలా ఉంటది. గుడ్డ ముంచి వేసే ప్రతిసారీ కుండ వంక చూసుకోవాలండి. చూడకుండా వేశామా, రేకు చిరిగిపోద్ది. పాడిందే పాడినందుకు కాదండి మాకు బాధ. మీరు కుండ వంక చూట్టం మానేశారండి."

లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "ఆ పెట్టె అసలు తెరుస్తారాండి?"

"ఎందుకు తెరవం? తెరుస్తాం" అన్నాను. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉండి ఉంటుంది నా మొహం.

"ఆయ్, అయితే మంచిదేనండి. అందులో నావి మూడున్నాయి, చూడండి" అని దిగి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం పెట్టె నా గదిలోకి తెప్పించాను. తాళం తుప్పు పట్టి ఉంది. కొబ్బరినూనె చుక్క వేసి తిప్పితే తెరుచుకుంది. మూడూళ్ళ చీటీలు గుట్టగా నేల మీద పడ్డాయి. టూరు అయ్యాక వీటిని చదవకుండా వెనక తలుపులోంచి పారబోయించడం మూడేళ్ళుగా నేను చేస్తున్న పనే. మొదటిసారి కూర్చుని ఒక్కొక్కటే విప్పాను.

అందులో పాటలు అడిగినవి సగమే. "అమ్మా, ఎడమవైపు కూర్చున్నవాళ్ళ వంక మీరు ఒక్కసారీ చూడలేదు" అని ఒకటి. "జోకు వద్దండి, ఊరికే కూర్చుని మాట్లాడండి చాలు" అని ఒకటి. "మీకు ఒంట్లో బాగుందాండి? రికార్డు మీద పాడుతున్నట్టుంది" అని పెన్సిల్‌తో ఇంకొకటి. తిట్టినవి రెండో మూడో ఉన్నాయి, వాటిలోనూ గారు, అండి తప్పలేదు. రేవు పాట అడిగినవి ఏడున్నాయి. మూడు ఆత్రేయపురం ఆవిడవి. మిగతా నాలుగూ నాకు తెలియని చేతుల రాతలు. వాటిలో ఒక దాంట్లో అక్షరాలు గుండ్రంగా, లెక్క ప్రకారం వరసలో ఉన్నాయి. అది మాస్టారిదేనని ఇప్పటికీ నా నమ్మకం.

ఆ ఏడు చీటీలు జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. అన్నం సయించలేదు. చెబితే అక్కగారు నన్ను క్షమించరు. చెప్పకపోతే నన్ను నేను క్షమించుకోలేను. పైగా చెప్పాక ఆవిడ పాడతానంటే, మళ్ళీ ఆ చరణం దగ్గర గొంతు చీలితే? మళ్ళీ ఆ నాలుగు నెలలు వస్తే?

రాజమండ్రి కచేరీ రోజు మధ్యాహ్నం హాల్లో మైకులు సరిచూశాక గ్రీన్‌రూముకి వెళ్ళి, ఆవిడ ముందు చీటీలు పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చదివారు. ఏడూ అయ్యాక మళ్ళీ మొదటిది తీశారు.

"రామచంద్రపురంలో అడిగాను. ఏం చెప్పావు?"

"లేదన్నాను."

"చూసి చెప్పావా?"

"చూడకుండా చెప్పానండి. ఇప్పుడే కాదు, మూడేళ్ళుగా చూడకుండానే."

ఆవిడకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. ఆ రోజు ఇంచుమించు వినబడనంత తగ్గింది. "గొంతు పోయిందని ఏడ్చాను తమ్ముడూ. వయసొచ్చింది, పోతే పోయిందని సర్దుకున్నాను. కానీ ఆ పాట కూడా పోయిందనుకున్నాను. ఒక్క మనిషికీ గుర్తులేదనుకున్నాను. ఇంక ఏది పాడితే ఏంటి, నువ్వు పెట్టిన వరస ఏదైతే ఏంటి అనిపించింది. నన్ను కాపాడుతున్నాననుకున్నావు. సరే. ఎవరి నుంచి? వీళ్ళ నుంచా?" అని ఆ చీటీలు నా మొహం ముందు పెట్టారు.

ఇరవై ఎనిమిదేళ్ళలో నేను అంత సిగ్గుపడ్డ క్షణం ఇంకోటి లేదు. అటు జనం, ఆవిడకి మేమంటే లెక్కలేదనుకున్నారు. ఇటు ఆవిడ, జనానికి నేను గుర్తులేననుకున్నారు. మధ్యలో పెట్టెకి తాళం వేసి కూర్చున్నవాణ్ణి నేను.

చీటీలు దొంతర పెట్టి ఆవిడే అన్నారు. "రెండో పాటగా పెట్టు. గొంతు అలిసిపోకముందే పాడేస్తా."

"అక్కగారూ, రెండో చరణం..."

"నాకు తెలీదా? అందకపోతే కిందనుంచే పాడతాను. కొండ మెట్లు ఎక్కలేనివాళ్ళు కిందనుంచే దణ్ణం పెట్టుకోరూ?"

తబలా ఆయనతో లాప్‌టాప్ ఆపుతున్నామని చెబితే, "ఇవాళ చేతికి పనుందన్నమాట!" అని అప్పటికప్పుడు వేళ్ళు విరుచుకున్నాడు.

ఆ సాయంత్రం తామరపువ్వు విచ్చుకుంది, మొదటి పాట అయింది. ఏడింటికి నేను లాప్‌టాప్ ఆపేశాను. వెనక అంత పెద్ద తెరా నీలంగా అయిపోయి, మూల మీద "సిగ్నల్ లేదు" అని చిన్న అక్షరాలు వచ్చాయి. అక్కగారు స్టేజీ అంచుకి వచ్చి, "జోకు ఉండదండి ఇవాళ. ఇంక ఏ ఊరికీ కోడల్ని కాను" అన్నారు. హాలు గొల్లుమంది. ముందు వరసలో ఒళ్ళో కాగితం పెట్టుకున్న మాస్టారు కళ్ళజోడు సర్దుకుని పెన్ను వెతుక్కున్నారు, ఆయన జాబితాలో ఇది లేదు. హార్మోనియం శ్రుతి అందుకుంది. ఆవిడ రేవు పాట మొదలుపెట్టారు.

ఎంత బాగుందో చెప్పడం నాకు చేతకాదు. మూడేళ్ళ తర్వాత ఆవిడ జనం మొహాలు చూస్తూ పాడారు, ఎడమవైపు వాళ్ళ వంక కూడా. రెండో చరణం దగ్గర పైకి వెళ్ళలేదు. ముందే చెప్పినట్టు కింది స్థాయిలోనే మెల్లిగా దాటేశారు. ఎవరూ దగ్గలేదు, కదల్లేదు. అప్పుడు నేను మూడో వరస వంక చూశాను. ఆత్రేయపురం వాళ్ళ కోసం నేనే దగ్గరుండి పెట్టించిన పదకొండు కుర్చీలు. పదకొండూ ఖాళీ.

పాట అయిపోయింది, చప్పట్లు మోగాయి, మూడో పాటా నాలుగో పాటా అయ్యాయి. ఏడున్నర దాటాక తలుపు దగ్గర కలకలం. పదకొండు మంది ఆడవాళ్ళు, తలలో పూలతో, ఒకరి వెనక ఒకరు వంగి నడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. ముందు ఆవిడే ఉంది. మాస్టారు వెనక్కి తిరిగి ఏదో చెప్పారు. ఆవిడ మొహం నుంచి నవ్వు జారిపోవడం స్టేజీ పక్కనుంచి నాకు స్పష్టంగా కనబడింది. పక్కనున్నావిడ నుదురు కొట్టుకుంది. ఇంకొకావిడ నవ్వింది. మా ఆత్రేయపురం ఆవిడ మాత్రం ఒళ్ళో చేతులు పెట్టుకుని కదలకుండా తెర వంక చూస్తూ కూర్చుంది.

తప్పు ఆవిడది కాదు. నా మీద, మా వరస మీద ఉన్న నమ్మకం అది. ఏ సమయానికి ఏం జరుగుతుందో నిమిషాలతో సహా తెలిసిన కచేరీకి ముందే వచ్చి చేసేదేముంది?

ఎనిమిదీ పదికి వేయాల్సిన అమ్మమ్మ చీటీ అలవాటు కొద్దీ ఆ రోజూ రాసి క్లిప్పుకి పెట్టాను. చీటీ తీయబోతున్న యాంకరమ్మ కంటే ముందు పెట్టె దగ్గరికి నడిచి, దాన్ని లాగేసి ముక్కలు చేశాను. జేబులోంచి ఆత్రేయపురం ఆవిడ రామచంద్రపురంలో వేసిన చీటీ తీసి అక్కడ పెట్టాను.

యాంకరమ్మ చదివింది. "ఆత్రేయపురం, పూతరేకుల కుండల దగ్గర నుంచి పదకొండు మందిమి. అమ్మగారూ, రేవు పాట ఒక్కసారి పాడండి."

"అయిపోయిందిగా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అక్కగారు అయోమయంగా నా వంక చూశారు. నేను మూడో వరస చూపించాను.

ఆవిడ స్టేజీ అంచుకి వచ్చారు. "ఎవరండీ ఆత్రేయపురం?"

ఆవిడ లేచి నిలబడింది. "నేనేనండి."

"ఇందాక పాడానమ్మా. ఎక్కడికి వెళ్ళిపోయారు?"

"చీటీ ఎనిమిదీ పదికి కదాండి," అంది ఆవిడ, తప్పు చేసినదానిలా. "ఈలోగా కాస్త పని చూసుకుని తీరిగ్గా బయల్దేరామండి."

ఆ హాలు నవ్విన నవ్వు నేను జీవితంలో మరిచిపోను. అందరికంటే ముందు నవ్వింది అక్కగారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వంగిపోయి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ నవ్వులో మూడేళ్ళ బిగువు సడలిపోవడం నాకు తెలిసింది. తేరుకున్నాక హార్మోనియం వైపు తిరిగి, శ్రుతి ఇందాకటికంటే కాస్త పైకి పెట్టమన్నారు.

రెండో చరణం వచ్చింది. ఈసారి ఆవిడ పైకే వెళ్ళారు. గొంతు అక్కడ బాగా సన్నబడింది, కొంచెం వణికింది, ఇక తెగుతుందనుకునే చోట నిలబడింది. చాలామంది ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు. ఆవిడ వాటి వంక చూడలేదు, మూడో వరస వంకే చూస్తూ పాడారు. ఆ పదకొండు మందిలో ఒక్కరూ ఫోను తీయలేదు.

కచేరీ అయ్యాక వాళ్ళు గ్రీన్‌రూముకి వచ్చారు. అక్కగారు ఆత్రేయపురం ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఎలా ఉందమ్మా?" అని అడిగారు. చిన్నపిల్ల పరీక్ష రాసొచ్చి అడిగినట్టు అడిగారు.

ఆవిడ ఉన్నమాటే చెప్పింది. "పై చరణం దగ్గర బాగా పల్చబడిందండి."

నేను హడలిపోయాను.

"పల్చగా వస్తేనే కదండి రేకు," అంది ఆవిడ. "చిరగలేదు. అది చాలండి."

ఆ తర్వాత ఎనిమిది నెలలకి నేను రిటైరయ్యాను. ఆ ఎనిమిది నెలలూ ప్రతి కచేరీకి ముందు మధ్యాహ్నం పెట్టె తెరిచి చదవడం నా పనుల్లో మొదటిది. సగానికి పైగా పాత వరసే ఉండేది. జనానికి నచ్చిన పాటలు ఎలాగూ పాడాలి, తామరపువ్వు కూడా పోలేదు, దాని మీద మోజున్న పిల్లలు ఉంటారు. మూడు పాటలు మాత్రం ఏ రోజువి ఆ రోజు. కొన్నిసార్లు కుదిరేవి, కొన్నిసార్లు కుదిరేవి కావు. ఒకసారి గొంతు మళ్ళీ చీలింది కూడా. ఆవిడ ఆగి, నీళ్ళు తాగి, "మళ్ళీ మొదలెడతానండి" అన్నారు. మొదలెట్టారు.

రాజమండ్రి కచేరీ మర్నాడు మాస్టారు గ్రూపులో పెట్టిన జాబితా ఇప్పటికీ నా ఫోన్లో దాచుకున్నాను. ఇంటికి వచ్చే పిల్లలకి నేను చూపించేది అదొక్కటే.

"రాజమండ్రి. 7.00 కోడలి జోకు రద్దు. రెండో పాట రేవు పాట. వెనక తెర నీలం. 8.10 చీటీ, నిజమైనది. అమ్మమ్మ క్షేమం. మళ్ళీ రేవు పాట. పాడిందే పాడిరి, అభ్యంతరం తెలిపినవారు లేరు. 8.16 కళ్ళు తుడుచుకొనుట. చేతిరుమాలు లేదు. కొంగుతో."